యాభై

కడియపులంకలో, మా మందుల షాపుకి ఎదురుగా
పచ్చ వల కింద పదివేల గులాబీ అంట్లు.
ఆ వలకో నంబరుంది: యాభై.
సగం ఎండ పైనే ఆగిపోతుంది,
సగం జల్లెడలోంచి పిండిలా కిందికి రాలుతుంది.
ఈ లెక్క నాకంటే మరిడమ్మకి బాగా తెలుసు.

ఒంటిగంటప్పుడు వచ్చింది
కొంగుతో పెదవి మూసుకుని.
మళ్ళీ అదే మూల, అదే పొక్కు.
"ఏటా రోహిణిలోనే లేస్తాదండి.
సాలీడు పాకిందంటాది మా అత్త,
వేడి చేసిందంటాడు మా ఆయన.
మీరేమంటారు?"

నేనేమీ అనలేదు,
ట్యూబు తీసి గాజుబల్ల మీద పెట్టాను.
దాని మీదా యాభై.
పొక్కు చిట్లేంతగా నవ్వింది:
"మా వల నంబరే గదండీ!
అయితే ఇది పూసుకుంటే నాకూ సగం నీడన్నమాట."

కాదు మరిడమ్మా, ఇది వేరే యాభై.
ఎక్కడో చలిదేశంలో
పాలరంగు వీపు మీద దీపం వెలిగించి
ఎర్రబడటానికి ఎంతసేపు పడుతుందో
గడియారం పట్టుకుని కొలిచిన యాభై.
ఆమె మోచేతులు చూశాను.
కాలవ తవ్వినప్పుడు గట్టున పోసిన ఒండ్రు రంగు.
ఈ ఒండ్రు మీద ఎరుపు ఎవరి కంటికి ఆనుతుంది?
కంటికి ఆననిదాన్ని
ఏ అంకె కాపాడుతుంది?

రాజమండ్రిలో చర్మం డాక్టరు హిమజ గారు
ఓసారి మందుల చీటీ వెనక బొమ్మ గీశారు.
చర్మంలో కాపలావాళ్ళుంటారట,
వేళ్ళలా చేతులు చాచి,
పక్కవాడి చెయ్యి అందేంత దగ్గరలో.
ఎండ మితిమీరితే వాళ్ళు చోటు వదిలి వెళ్ళిపోతారు.
ఒళ్ళు మండకముందే,
ఎర్రబడకముందే.
మంటని ఆపినంత బాగా
పూత ఈ వలసని ఆపలేదట.
కొన్ని పూతలు కొంత ఆపుతాయి, కొన్ని ఇంకాస్త,
అదీ మందంగా రాస్తే,
అదీ చెమటకి కారిపోకముందు.

మా తమ్ముడు ఏసుబాబు రొయ్యల చెరువు కాపలా.
వాడు కునుకు తీసిన రాత్రి కూడా
నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి,
ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి,
గట్టు మీద లైటు ఆరదు.
తెల్లారి వల విసిరితేనే తెలుస్తుంది.
పెదవి మూల పొక్కు అలాంటి తెల్లారడం.
వచ్చినవాడు కొత్త దొంగేం కాదు,
చిన్నప్పుడెప్పుడో నరంలో అద్దెకి దిగినవాడే,
వాకిట్లో ఎవరూ లేరని చూసి
బయటికొచ్చి కూర్చున్నాడు.

ఇదంతా ఆమెకి చెప్పాను.
అంతా కాదు, సగం.
మిగతా సగాన్ని ట్యూబు మీది ధర మింగేసింది.

మూత తీసి వాసన చూసి
వేలికొసతో వెనక్కి తోసింది.
"అంటు కట్టేదే వల కిందండి.
కుండీలు మొయ్యడం, లారీ ఎక్కించడం, అంతా ఎండే.
వల మొక్కలకి గదా."
పొక్కుకి పూసే చిన్న మందు మాత్రం తీసుకుని
చిల్లర లెక్కపెట్టుకుంటూ అడిగింది:
"పోయిన ఆ కాపలావోళ్ళు మళ్ళీ వస్తారాండి?"
వస్తారు, కొన్నాళ్ళు నీడపట్టున ఉంటే.
"ఆళ్ళకి సెలవులున్నాయన్నమాట," అంది.
అనేసి రోడ్డు దాటింది,
తలమీద చెయ్యైనా అడ్డం పెట్టుకోకుండా.

నాలుగింటికి టీ తాగుతూ చూద్దును గదా,
చినిగిన వల ముక్కొకటి సంపాదించి
రెండు మడతలేసి తలగుడ్డకి కుట్టి
ముఖం మీదికి దించుకుంది మరిడమ్మ.
బుగ్గల నిండా పచ్చటి గళ్ళు.
లారీలోకి మందారాలు అందిస్తోంది.

రెండు మడతలు.
యాభైలో సగం పోతే,
మిగిలినదాంట్లో...
వేళ్ళ మీద లెక్క కడుతున్నాను.
గోదారి వైపునుంచి గాలి లేచి
వల పక్కకి తొలిగింది.
రెండు చేతుల్లోనూ కుండీలు.